కాఫీ పండే అరకులో మూడు రోజులు: నడిచి చూడాలనుకునేవారికి

మీ ప్రశ్న సారాంశం ఇది: హైదరాబాద్ నుంచి నలుగురు మిత్రులు డిసెంబర్‌లో అరకు వెళ్లాలనుకుంటున్నారు. చేతిలో మూడు పగళ్లు ఉన్నాయి. కారులో కూర్చుని చూసి వచ్చే యాత్ర కాకుండా నడక, కొండ ఎక్కడం, వీలైతే కొంత సైకిల్ ప్రయాణం ఉండాలి. కాఫీ తోటను దగ్గరగా చూడాలి. నలుగురిలో ఒకరికి మోకాలి నొప్పి ఉంది. వీటికి తోడు మీరు చూడదలచిన పదకొండు చోట్ల జాబితాను కూడా జతచేశారు.

నేను పదిహేనేళ్లుగా ప్రతి చలికాలం విశాఖపట్నం నుంచి చిన్న చిన్న నడక బృందాలను ఈ కొండల్లోకి తీసుకువెళ్తున్నాను. ఆ అనుభవంతో ముందుగా చెప్పదలచుకున్నది ఒక్కటే: ఆ జాబితాలో ఆరు చోట్లను ఇప్పుడే కొట్టివేయండి. అవి చూడదగినవి కావని నా ఉద్దేశం కాదు. పటం మీద దగ్గరగా కనిపించే ఊళ్ల మధ్య ఘాట్ రోడ్లు ఉన్నాయి. అక్కడ గంటకు పాతిక ముప్పై కిలోమీటర్లు సాగితే గొప్ప. లంబసింగి చింతపల్లి మండలంలో ఉంది. అరకు నుంచి పాడేరు దాటి ఇంకా ముందుకు వెళ్లాలి కాబట్టి దారికే ఒక పూట పోతుంది. వంజంగి మేఘాల కొండ చూడాలంటే ముందు రాత్రి పాడేరులో బస చేసి, తెల్లవారక ముందే కొండ ఎక్కడం మొదలుపెట్టాలి. ఈ రెండూ కలిస్తేనే వేరొక యాత్ర అవుతుంది. మూడు రోజుల్లోకి వాటిని ఇరికిస్తే మీరు అడిగిన నడక మాయమై, వాహనంలో కునుకుపాట్లే మిగులుతాయి.

ఒక ఏడాది నేనే ఆ పొరపాటు చేశాను. బృందంలో అందరి ముచ్చటా తీరాలని ఒకే రోజు ఐదు చోట్లు పెట్టుకున్నాను. చివరి చోటు నుంచి బయలుదేరేసరికి చీకటి పడింది. గాలికొండ దగ్గర మంచు దిగి, వాహనం దీపాల వెలుగు రెండు బారల దూరం కూడా పారలేదు. ఒకరు టార్చి పట్టుకుని రోడ్డు అంచున ముందు నడుస్తుంటే, ఆ వెలుగును బట్టి డ్రైవరు వాహనాన్ని నడిపించాడు. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, ఆ రాత్రి తర్వాత సాయంత్రం ఐదున్నర దాటాక ఘాట్ రోడ్డు మీద ఉండకూడదన్న నియమాన్ని నేను ఎవరి కోసమూ సడలించలేదు. మీరూ మీ ప్రణాళికలో దాన్నే మొదటి నియమంగా రాసుకోండి.

ఇక తేదీల సంగతి. డిసెంబర్ మంచి ఎంపికే. కాఫీ పండ్లు నవంబర్ నుంచి ఎర్రబారడం మొదలై జనవరి దాటే వరకు కోత సాగుతుంది. అంటే మీరు వెళ్లే సమయానికి తోటల్లో నిజంగా పని జరుగుతూ ఉంటుంది. లోయ నిండా పసుపుపచ్చగా పరుచుకునే వలిసె పూలు మాత్రం అక్టోబర్, నవంబర్ నెలల్లో నిండుగా ఉండి డిసెంబర్ నాటికి తగ్గిపోతాయి. రెండూ కావాలంటే డిసెంబర్ మొదటి వారం దాటనివ్వకండి. క్రిస్మస్ నుంచి సంక్రాంతి వరకు గదులు దొరకడం కష్టం, రోడ్డు మీద వాహనాల బారులు. వారాంతాన్ని వదిలి మంగళవారం నుంచి గురువారం వరకు పెట్టుకోగలిగితే అదే కొండ మరోలా కనిపిస్తుంది. వానాకాలంలో కొండచరియలు విరిగిపడి రోడ్డూ రైలు మార్గమూ మూతపడిన సందర్భాలు ఉన్నాయి కనుక, మొదటిసారి వెళ్లేవారికి నేను ఆ రోజులు సూచించను.

విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. వెళ్లేటప్పుడు రైలులోనే వెళ్లండి. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు చేర్చడానికి 1960 దశకంలో వేసిన కొత్తవలస–కిరండూల్ మార్గం ఇది. శృంగవరపుకోట (ఎస్.కోట), బొడ్డవర దాటాక శివలింగపురం నుంచి అసలైన ఎక్కుడు మొదలవుతుంది. ఆపై సొరంగం తర్వాత సొరంగం. మొత్తం మార్గంలో 50కి పైగా ఉన్నాయి. శిమిలిగుడ స్టేషను సముద్ర మట్టానికి వెయ్యి మీటర్లకు కాస్త తక్కువ ఎత్తులో ఉంటుంది. ఒకప్పుడు దేశంలోని బ్రాడ్ గేజ్ స్టేషన్లలో అదే అత్యంత ఎత్తైనదిగా పేరు పొందింది. కిరండూల్ రైలు విశాఖలో ఉదయం ఏడు గంటలకు కాస్త ముందు బయలుదేరుతుంది. హైదరాబాద్ నుంచి రాత్రి రైలులో వచ్చి, దిగిన వెంటనే దీన్ని అందుకోవచ్చని చాలామంది లెక్క వేస్తారు. ఆ రైలు ఒక్క అరగంట ఆలస్యమైనా మీ మొదటి రోజు పోయినట్టే. ముందు రోజే విశాఖ చేరి పడుకోండి, లేదా ఉదయం ఆర్టీసీ బస్సులో వెళ్లి రైలు ప్రయాణాన్ని మరోసారికి వాయిదా వేసుకోండి. అద్దాల విస్టాడోమ్ పెట్టెలో కూర్చోవాలని ఉంటే టికెట్లు ఎంత ముందుగా తీసుకుంటే అంత మంచిది.

రైల్లో అరకు వరకు వెళ్లకండి. బొర్రా గుహలు స్టేషనులో దిగండి. మొదటి రోజు అక్కడ గడిపి, రాత్రికి అనంతగిరిలో బస చేసి, రెండో రాత్రికి అరకు చేరాలన్నది నా సలహా. అందరూ అరకులో గది తీసుకుని రోజూ అక్కడి నుంచి వెనక్కి వస్తారు. అలా చేస్తే ఒకే ఘాట్ రోడ్డు మీద నాలుగుసార్లు తిరగాల్సి వస్తుంది. అనంతగిరిలో పర్యాటక శాఖ విడిదితో పాటు ప్రైవేటు గదులూ ఉన్నాయి. పైగా అనంతగిరి కాఫీ తోటల మధ్యనే ఉంటుంది కాబట్టి, పొద్దున్నే తలుపు తీస్తే నడక మొదలైనట్టే.

బొర్రా గుహల గురించి ఎక్కువ చెప్పను. సున్నపురాతి గుహలు, కిందికి పొడవాటి మెట్లు, గోస్తనీ నది నీరు యుగాల తరబడి చెక్కిన ఆకారాలు. ఇదే గోస్తనీ కొండ దిగి తాటిపూడి జలాశయాన్ని నింపి భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుందని తెలుసుకుని చూస్తే ఆ నీటి చప్పుడు మరింత నచ్చుతుంది. మెట్లు తడిగా ఉంటాయి. మోకాలి నొప్పి ఉన్న మీ మిత్రుడు పూర్తిగా కిందికి దిగనవసరం లేదు, ముఖద్వారం దగ్గరి విశాలమైన గదే ఎంతసేపైనా నిలబెట్టేస్తుంది. ఆ తర్వాత మిగిలిన ముగ్గురూ కటికి జలపాతం వైపు వెళ్లవచ్చు. జీపులు వెళ్లే రాళ్ల దారి ఉంది. చాలామంది జీపు ఎక్కుతారు, మీరు అడిగినది నడక కాబట్టి నడవండి. ముగ్గురికీ కలిపి ఒక స్థానిక యువకుడిని దారి చూపడానికి వెంట తీసుకోండి. జలపాతం కింద బండలు నాచుతో జారుతాయి. నీళ్లలో దిగాలనిపిస్తే ఎక్కడ దిగవచ్చో అతనిని అడిగి, అతను వద్దన్న చోట దిగకండి. మధ్యాహ్నం మూడు గంటలకల్లా తిరిగి బొర్రా చేరి, జీపులో అనంతగిరి వెళ్లిపోవాలి.

రెండో రోజు ఈ యాత్రకు గుండెకాయ. దీన్ని దేనికోసమూ కుదించవద్దు.

కాఫీ తోట అనగానే చిక్కమగళూరు, కొడగుల్లోని పెద్ద ఎస్టేట్లు మీకు గుర్తుకు రావచ్చు. ఇక్కడ అలా ఉండదు. అటవీ అభివృద్ధి సంస్థ తోటలు కొన్ని ఉన్నాయి గానీ, ఎక్కువ భాగం గిరిజన కుటుంబాల ఎకరం, రెండెకరాల తోటలే. కంచె ఉండదు, గేటు ఉండదు, బోర్డు అంతకన్నా ఉండదు. ఊరి వెనుక వాలు మీద సిల్వర్ ఓక్ చెట్లు నిటారుగా నిలబడి ఉంటాయి. వాటి మొదళ్లను చుట్టుకుని మిరియాల తీగలు పైకి పాకుతాయి. వాటి నీడలో నడుము ఎత్తు నుంచి తల ఎత్తు వరకు కాఫీ మొక్కలుంటాయి. ఇది అడవి కాబోలని లోపలికి నడిచేస్తారు గానీ, నిజానికి అది ఒకరి ఏడాది జీవనం. అందుకే ముందు రోజు సాయంత్రమే విడిదిలో అడిగి, ఒక రైతును మాట్లాడుకోండి. కోత రోజుల్లో వారికి తీరిక ఉండదు. మీతో గడిపే మూడు నాలుగు గంటలకు వారికి పోయే కూలి ఎంతో అడిగి, అంతకు తగ్గకుండా ఇవ్వాలి. ఉచితంగా చూపించమని అడగడం నాకు సుతరామూ నచ్చదు.

ఉదయం ఏడున్నరకు బయలుదేరితే మంచు ఇంకా ఆకుల మీద ఉంటుంది. మీరు ఏ రైతుతో వెళ్లినా, ఆ ఇంటి ఆడవారు పండ్లు కోసే తీరును ఒక పది నిమిషాలు కదలకుండా గమనించండి. నడుముకు కట్టుకున్న బుట్ట కొమ్మ కిందికి వస్తుంది. ఎడమ చేయి కొమ్మను వంచి పట్టుకుంటుంది, కుడి చేతి రెండు వేళ్లు పండును పట్టి కొద్దిగా మెలితిప్పుతాయి. లాగరు. లాగితే తొడిమ ఊడి వస్తుంది, ఆ కణుపు దెబ్బతింటే వచ్చే ఏడాది అక్కడ పూత తగ్గుతుంది. ఒకే గుత్తిలో ఎర్రవి, నారింజ రంగువి, పచ్చివి కలిసి ఉంటాయి. ఎర్రవి మాత్రమే బుట్టలో పడతాయి, మిగిలిన వాటి కోసం పది రోజుల తర్వాత మళ్లీ రావాలి. రైతు అనుమతితో ఒక ఎర్ర పండును వేళ్ల మధ్య నొక్కి చూడండి. బంక లాంటి జిగురుతో రెండు గింజలు చటుక్కున బయటికి జారుతాయి. ఆ జిగురును నాలుక మీద పెట్టుకుంటే తియ్యగా ఉంటుంది. కాఫీ రుచి దానిలో ఏ మాత్రం ఉండదు. మొదటిసారి చూసినవారందరూ ఆశ్చర్యపోయేది అక్కడే.

మధ్యాహ్నానికి పండ్లు పల్పింగ్, అంటే తోలు ఒలిచే చోటికి చేరతాయి. ముందు నీళ్లలో పోస్తే తాలు పండ్లు తేలుతాయి, వాటిని తీసేస్తారు. యంత్రం తోలు ఒలిచాక, జిగురుతో ఉన్న గింజలను ఒక రాత్రో ఇంకొంచెం ఎక్కువసేపో పులియబెట్టి, కడిగి, ఎండబెడతారు. వారం పది రోజుల ఎండకు తేమ పది శాతం దరికి వచ్చాక, పైన కాగితం లాంటి పొర ఉన్న ఆ గింజను పార్చ్‌మెంట్ అంటారు. గుప్పెడు తీసుకుని చెవి దగ్గర ఊపితే ఎండినదీ ఎండనిదీ వేర్వేరుగా పలుకుతాయి. అనుభవమున్న రైతు ఆ చప్పుడును బట్టే చెబుతాడు. ఆ తేడాను మీకూ వినిపించమని అడగండి. కోత, ఎండబెట్టడం ఇంత జాగ్రత్తగా చేయడం నేర్చుకున్నాకే ఇక్కడి కాఫీకి పేరు వచ్చింది. 2019లో అరకు లోయ అరబికా రకం కాఫీకి భౌగోళిక గుర్తింపు (జీఐ) లభించింది.

ఒక విన్నపం. 2025లో అరకు ప్రాంతపు తోటల్లో కాయ తొలుచు పురుగు కనిపించింది. బెర్రీ బోరర్ అని పిలిచే ఈ పురుగు పండులోకి తొలుచుకుపోయి లోపలే గుడ్లు పెడుతుంది, పురుగు పట్టిన పండ్లతో పాటే తోట నుంచి తోటకు చేరుతుంది. కాబట్టి జ్ఞాపకంగా ఉంటుందని పండ్లనూ పచ్చి గింజలనూ జేబులో వేసుకోవద్దు. ఒక తోట నుంచి మరో తోటకు వెళ్లేటప్పుడు సంచులు, చొక్కా మడతలు, బూట్ల అడుగులు దులుపుకోండి. మీకు అర నిమిషం పని, ఆ కుటుంబానికి ఏడాది పంట.

మధ్యాహ్నం భోజనం తర్వాత గాలికొండ వైపు నడవవచ్చు. అనంతగిరి నుంచి అరకు వెళ్లే దారిలోనే ఉంది కాబట్టి సామానును జీపులో పెట్టి, మధ్యలో దిగి నడిచి, సుంకరిమెట్ట దగ్గర మళ్లీ జీపు ఎక్కండి. రోడ్డు అంచున నడవడంలో సుఖం లేదు, మలుపుల దగ్గర ప్రమాదం కూడా. మీతో వచ్చే రైతునే తోటల మధ్య కాలిబాటలు చూపమనండి. మొత్తం మీద ఆ రోజుకు ఎనిమిది, తొమ్మిది కిలోమీటర్ల నడక సరిపోతుంది. సుంకరిమెట్టలో తోట మధ్య చెక్క వంతెనలా కట్టిన నడకదారి ఉంది. అది ఎక్కుడు దిగుడు తక్కువగా ఉండేది కనుక మీ మిత్రుడికి బాగా సరిపోతుంది. గైడు లేకుండా అడవిలోకి వెళ్లవద్దు. బాటలు నాలుగు వైపులా చీలుతాయి, ఫోను సిగ్నలు చాలా చోట్ల అందదు.

మూడో రోజు సైకిల్ పెట్టుకోండి. విశాఖ నుంచి ఘాట్ ఎక్కుతూ సైకిల్ మీద రావాలన్న మీ ఆలోచన గురించి స్పష్టంగా చెబుతాను: ఎస్.కోట దాటాక సుమారు వెయ్యి మీటర్ల ఎక్కుడు ఉంది, పక్కన లారీలు, బస్సులు. నెలల తరబడి సాధన ఉన్నవారు చేస్తున్నారు. అప్పుడప్పుడు తొక్కేవారికి అది తగదు. లోయలోపల మాత్రం సైకిల్‌కు మించిన వాహనం లేదు. అరకులో సైకిళ్లు అద్దెకు దొరుకుతాయేమో ముందుగా విడిదికి ఫోను చేసి తెలుసుకోండి. బ్రేకులు, గేర్లు స్వయంగా చూసుకున్నాకే బయలుదేరండి. తెల్లవారుజామున మాడగడ కొండ మీద సూర్యోదయం చూడవచ్చు. లోయను నింపిన మబ్బు మీద వెలుగు పడే ఆ అరగంట కోసం చలిలో లేవడం వృథా కాదు. తర్వాత ఊళ్ల మధ్య నుంచి డుంబ్రిగుడ వైపు చాపరాయి వరకు, పదిహేను కిలోమీటర్ల లోపు దూరం, వాలుగా పరుచుకున్న బండ మీద గెడ్డ, అంటే కొండవాగు, జారే చోటు. పొలాల్లో ఫొటోల కోసం దిగేటప్పుడు గట్టు మీద నుంచే తీసుకోండి. ముఖ్యంగా వలిసె చేలల్లోకి నడిచి వెళ్లి పైరు తొక్కేవారిని చూస్తే నాకు కడుపు మండుతుంది. మనుషులను అడగకుండా ఫొటో తీయడమూ తగదు.

ఎండ ఎక్కేసరికి అరకు తిరిగి వచ్చి గిరిజన మ్యూజియం చూడండి. సంత ఏ రోజు ఏ ఊళ్లో ఉందో విడిదిలో అడగండి. ఆ రోజు కలిసివస్తే మ్యూజియాన్ని వదిలి సంతకే వెళ్లమంటాను. అక్కడ చోళ్లు, రాజ్మా, పసుపు, మిరియాలు, అడ్డాకులు పోసి అమ్ముతారు. బొంగులో చికెన్ కూడా తినవలసినదే, అయితే మీ కళ్ల ముందు నిప్పుల మీద పెట్టించుకుని, బాగా ఉడికాకే తినండి. ఎప్పుడో కాల్చి పక్కన పెట్టిన బొంగు వద్దు.

మోకాలి విషయంలో నా అనుభవం ఇది. ఎక్కేటప్పుడు ఆయాసమే, నొప్పి దిగేటప్పుడు వస్తుంది. మీ మిత్రుడు ముందుగా వైద్యుడికి చూపించుకుని, అనుమతిస్తేనే రెండో రోజు నడకకు రావాలి. వచ్చినా చేతికర్రలు రెండు ఉండాలి. ఒక్క కర్రతో బరువంతా ఒక వైపుకే పోతుంది. దిగేటప్పుడు చిన్న అడుగులు, అవసరమైతే వాలుకు అడ్డంగా, మెలికలు తిరుగుతూ. మిగిలిన ముగ్గురూ వెళ్లేలోపు నాలుగు వారాలు, వారానికి నాలుగు రోజులు మెట్లు ఎక్కి దిగండి. చదునైన పార్కులో నడిచిన నడక కొండ వాలు మీద అక్కరకు రాదు. అందరిలో నెమ్మదిగా నడిచేవారిని ముందు నడవనివ్వండి. వెనుక పడ్డవారు ఎప్పుడూ పరుగెత్తుతూనే ఉంటారు, ఆగి విశ్రాంతి తీసుకునే వీలు వారికి ఉండదు.

తెచ్చుకోవలసినవి ఎక్కువ లేవు. డిసెంబర్ తెల్లవారుజామున చలి పది డిగ్రీల కన్నా దిగువకు పోవచ్చు, మధ్యాహ్నం చెమట పడుతుంది. ఒకే మందపాటి కోటు కన్నా, ఒకటొకటిగా విప్పగల మూడు పలుచని పొరలు మేలు. ఎర్రమట్టి మంచుకు జారుతుంది కాబట్టి అడుగు పట్టు ఉన్న, ఇప్పటికే అలవాటైన బూట్లు వేసుకోండి, కొత్తవి వద్దు. ఏజెన్సీలో మలేరియా ఉంది, దోమల మందు రాసుకోవడం మానవద్దు, దోమతెర ఉన్న గది అడగండి. టార్చి, నీటి సీసా, చేతిలో కాస్త నగదు ఉంచుకోండి. నగదు ఎందుకంటే సిగ్నలు లేనిచోట ఫోనుతో చెల్లింపు జరగదు. సొంత వాహనంలో వస్తే ఎస్.కోటలోనే ఇంధనం నింపుకోండి.

కాఫీ పొడి కొనేటప్పుడు ప్యాకెట్టు మీద చికోరి (కాఫీలో కలిపే ఒక వేరు పొడి) శాతం చదవండి, కలిపితే ముద్రించి తీరాలి. గిరిజన సహకార సంస్థ, అంటే జీసీసీ దుకాణంలో కొనవచ్చు. ఆ సంస్థ ఇక్కడి రైతుల నుంచి నేరుగా కొంటుంది. ఇంట్లో రుబ్బుకునే వీలుంటే పొడి వద్దు, వేయించిన గింజలు తీసుకోండి. గాలి తగలని డబ్బాలో పెడితే రుచి ఎక్కువ రోజులు నిలుస్తుంది.

తిరుగు ప్రయాణం రైలు మీద ఆధారపడకుండా బస్సులోనో జీపులోనో పెట్టుకోండి. ఖనిజం మోసే గూడ్సుల మార్గం కాబట్టి సాయంత్రపు రైలు ఆలస్యమైతే, విశాఖలో రాత్రి హైదరాబాద్ రైలు తప్పుతుంది. మధ్యాహ్నం రెండు గంటలకు అరకులో బయలుదేరితే వెలుగు ఉండగానే బొడ్డవర దాటి మైదానంలోకి వచ్చేస్తారు. మధ్యలో అనంతగిరిలో ఒక పది నిమిషాలు ఆగి, ముందు రోజు తోట చూపిన రైతు ఇంటి ముందు ఎండబెట్టిన గింజలను మరోసారి చేతిలోకి తీసుకుని ఊపి చూడండి. నిన్నటి కన్నా చప్పుడు కాస్త తేలికైనట్టు మీ చెవికి తప్పక తెలుస్తుంది.